మన నేల తాకట్టులో ఉన్న ఏడేళ్లు

ప్రతి ఏడూ కాలువకు నీళ్లు వదిలే ముందు మా అమ్మ మెడలో గొలుసు ఉండదు. విత్తనాలకి, డీఏపీకి, ట్రాక్టరు దున్నకానికి డబ్బు కావాలి కదా. గొలుసు బ్యాంకుకు వెళ్తుంది, వడ్లు అమ్మాక ఇంటికొస్తుంది. బాళగనూరు చుట్టూ ఉన్న క్యాంపుల్లో పెరిగిన మనకెవరికీ ఇది కొత్త సంగతి కాదు.

అందుకే సోషల్ క్లాసులో 1991 గురించి చెప్తూ సార్ "మన దేశం బంగారం కుదువ పెట్టింది" అనగానే వెనక బెంచీలోంచి ఎవరో "మా ఇంట్లో లాగానే సార్" అన్నారు. అందరం నవ్వాం. సార్ నవ్వలేదు. "మీ ఇంట్లో గొలుసు మీ అమ్మది. పెట్టాలా వద్దా అని ముందు ఆమెని అడుగుతారు. దేశం బంగారం పెట్టేటప్పుడు ఎవరిని అడిగారు?" అన్నారు. మాకు జవాబు రాలేదు. కాసేపాగి, "బంగారం సంగతి తర్వాత. ఇప్పుడు మనం కూర్చున్న ఈ నేలే ఒకసారి అప్పుకింద పోయింది, తెలుసా?" అని అడిగారు.

నాకు తెలియదు. మా నాన్నకీ తెలియదు. తెలుసుకున్నాక, ఈ పత్రికలో రాయాలనిపించింది.

కృష్ణకీ తుంగభద్రకీ నడుమ ఉన్న మన ప్రాంతాన్ని రాయచూరు దోఆబ్ అంటారు. దోఆబ్ అంటే రెండు నదుల మధ్య నేల. దీనికోసం విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు ఎన్నిసార్లు కొట్టుకున్నారో పాఠాల్లో చదువుకున్నాం. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోట గెలిచిన కథ మనందరికీ వచ్చు. యుద్ధాల్లో చేతులు మారిన నేల అని మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ 1853లో ఈ నేల చేతులు మారింది యుద్ధంలో కాదు. ఒక్క తూటా పేలలేదు. బాకీ లెక్కల కాగితం మీద మారింది.

ఆ బాకీ ఎలా పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1800లో హైదరాబాదు నిజాం ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నాడు. కంపెనీ సైన్యం తనకు కాపలాగా ఉంటుంది, దాని ఖర్చు తను భరించాలి. ఏటా డబ్బు కట్టే బదులు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకే ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. మనం తుంగభద్ర దాటి బళ్ళారి వైపు వెళ్తే ఆ నేలలోకే అడుగుపెడతాం. అంటే సైన్యం ఖర్చు నిజాం అప్పుడే భూమి రూపంలో, అదీ ఎప్పటికీ సరిపోయేలా, కట్టేశాడన్నమాట.

అక్కడితో అయిపోవాలి. కాలేదు. కొన్నేళ్లకి హైదరాబాదులోని కంపెనీ రెసిడెంటు హెన్రీ రస్సెల్ ఇంకో సైన్యం తయారుచేయించాడు. మొదట దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అనేవారు, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అన్నారు. జీతాలు నిజాం ఖజానావి, అధికారులు ఇంగ్లీషువాళ్లు, హుకుం రెసిడెంటుది. దీని ఖర్చు ఏటా 40 లక్షల రూపాయల దాకా ఉండేది. ఆ దండులో ఒక భాగం మన లింగసుగూరులోనే ఉండేది. సంధి ప్రకారం యుద్ధం వస్తేనే నిజాం తన సైన్యంతో సాయపడాలి. శాంతికాలంలో ఇంత దండుని పోషించాలని ఎక్కడా లేదు. గవర్నర్ జనరల్ డల్హౌసీ కూడా ఈ సంగతి ఒప్పుకున్నాడు, ఖర్చు మరీ ఎక్కువని కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న ఆ మనిషే బాకీ మాత్రం పైసలతో సహా కట్టమన్నాడు.

నిజాం దగ్గర డబ్బెందుకు లేదు అన్నది ఇంకో కథ. ఆ రోజుల్లో సంస్థానం వ్యవహారాలన్నీ చందూలాల్ చేతిలో ఉండేవి. శిస్తు వసూలు హక్కుని వేలం పాడుకున్నట్టు పాడుకునేవారు. ఎక్కువ ఇస్తానన్నవాడికి తాలూకా ఇచ్చేవాళ్లు. వాడు ఇచ్చినదానికి మించి రైతు దగ్గర పిండుకునేవాడు. ఇంకొకడు ఇంకొంచెం నజరానా పట్టుకొస్తే మొదటివాడిని తీసేసేవాళ్లు. అందుకని ఎవడికి వాడు ఉన్నన్నాళ్లూ దొరికింది దొరికినట్టు లాక్కునేవాడు. ఒక్క పంటకి కౌలుకి తీసుకున్న మనిషి చేనికి పశువుల ఎరువు తోలతాడా? ఇదీ అంతే.

అలా వచ్చినదీ చాలక అప్పులు చేశారు. హైదరాబాదులో విలియం పామర్ అనే ఆయన కంపెనీ ఒకటి ఉండేది. వడ్డీ నూటికి 24, 25 దాకా. దేశీయ రాజులకి యూరోపియన్లు అప్పులివ్వకూడదని చట్టం ఉన్నా, వీళ్లకి 1816లో ప్రత్యేకంగా అనుమతి దొరికింది. ఎలా దొరికిందంటారా? ఆ కంపెనీలో భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ పెంచిన అమ్మాయిని పెళ్లాడినవాడు. 1820లో 60 లక్షల రూపాయల అప్పు ఒకటి రాయించారు. కొత్తగా వచ్చిన రెసిడెంటు చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తవ్వాక ఈ గుట్టంతా బయటపడింది. 1823లో పామర్ బాకీ తీర్చేశారు. ఎలా తీర్చారో చదివినప్పుడు నేను రెండుసార్లు చదివాను.

గుంటూరు, కృష్ణా, గోదావరి వైపు ఉన్న జిల్లాల్ని అప్పట్లో ఉత్తర సర్కారులు అనేవారు. అవి ఒకప్పుడు నిజాంవి. కంపెనీ వాటిని తీసుకున్నందుకు ఏటా 7 లక్షల రూపాయలు నిజాంకి పేష్కష్‌గా కట్టేది. ఆ ఏడు లక్షలు ఇక ఎప్పటికీ అడగనని నిజాం చేత రాయించుకుని, బదులుగా 1 కోటి 16 లక్షల పైచిలుకు ఇచ్చారు. అది పామర్ కంపెనీకి వెళ్లిపోయింది. నేను లెక్కవేసి చూశాను. ఏటా ఏడు లక్షల చొప్పున అయితే పదహారేళ్ల ఎనిమిది నెలల్లో వచ్చే మొత్తం అది. అంత మొత్తానికి కలకాలం వచ్చే రాబడి పోయింది. ఇంత చేసినా పామర్ కంపెనీ మరుసటి ఏడే దివాలా తీసింది.

మా తాతయ్య గుంటూరు జిల్లా తెనాలి వైపు నుంచి వచ్చాడు. అక్కడ ఎకరన్నర అమ్మి ఇక్కడ తుంగభద్ర ఎడమ కాలువ కింద ఎనిమిది ఎకరాలు కొన్నాడు. మన స్కూల్లో చాలామంది ఇళ్లలో ఇదే కథ. మనం సర్కారు జిల్లాల నుంచి దోఆబుకి వచ్చినవాళ్లం. ఆ సర్కారు జిల్లాల మీద రాబడి ఒక అప్పుకింద పోయింది, ఈ దోఆబు ఇంకో అప్పుకింద పోయింది. మనం వదిలి వచ్చిన నేల, మనం వచ్చి చేరిన నేల రెండూ ఒకే ఖాతా పుస్తకంలో ఉన్నాయని మా తాతయ్యకి చెప్తే, "అయితే అప్పు మనకంటే ముందే ఇక్కడికి వచ్చి కూర్చుందన్నమాట" అన్నాడు.

1843లో చందూలాల్ దిగిపోయాడు. కంటింజెంట్ జీతాలు మాత్రం ఆగవు కదా. నిజాం ఖజానాలో లేనప్పుడల్లా కంపెనీ తన ఖజానాలోంచి ఇచ్చి, దాన్ని నిజాం పేర అప్పుగా రాసుకుని, వడ్డీ వేస్తూ పోయింది. 1851లో నిజాం నాసిరుద్దౌలా కొంత కట్టాడు. ఆసఫ్‌జాహీ నగలు కూడా తాకట్టుకి వెళ్లాయి. అయినా తీరలేదు. హైదరాబాదు వాళ్లు ఒక ఎదురు లెక్క చూపించారు. సికిందరాబాదు, జాల్నా కంటోన్మెంట్లలో కల్లు, సారా మీద వచ్చే అబ్కారీ ఆదాయం న్యాయంగా నిజాంది. దాన్ని నలభై ఏళ్లుగా కంపెనీయే తీసుకుంటోంది. అది చెల్లుకొడితే బాకీయే ఉండదు అని వాళ్ల వాదన. ఆ లెక్క ఎవరూ వినలేదు. బాకీ ఉన్నవాడి లెక్క వినేవాడు ఎవడు?

1853 మే 21న రెసిడెంటు కర్నల్ లో ముందు సంధి మీద సంతకాలయ్యాయి. బీరారు, ధారాశివ్ ప్రాంతం, మన రాయచూరు దోఆబు కంపెనీకి అప్పగించారు. మూడూ కలిపి ఏటా దాదాపు 50 లక్షల రాబడి వచ్చే నేల. పేరుకి ఇది అమ్మకం కాదు. నేల నిజాందే, పరిపాలనా శిస్తూ కంపెనీవి. కంటింజెంట్ ఖర్చు పోగా మిగిలినది నిజాంకి ఇవ్వాలి, ఏటేటా లెక్క చూపించాలి. మన మాటల్లో చెప్పాలంటే భోగ్యం లాంటిది.

సంధి అయిన కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ చనిపోయాడు. ఆయన అన్నదమ్ముల కొడుకు, 24 ఏళ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యాడు. మనం సాలార్‌జంగ్ అనే పేరుతో ఎరిగినాయన. హైదరాబాదు వెళ్లినవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చి గడియారం గురించి చెప్తారు. (మ్యూజియం పోగుచేసింది ఈయన కాదు, ముఖ్యంగా ఈయన మనవడు మూడో సాలార్‌జంగ్.) మొదటి సాలార్‌జంగ్ చేసిన పని మ్యూజియం కంటే పెద్దది, కానీ చూడటానికి ఏమీ ఉండదు. ఆయన శిస్తు వేలాలు ఆపాడు. వసూలు చేసేవాళ్లకి జీతాలు పెట్టాడు. సాహుకార్ల దగ్గర, అరబ్బు సర్దార్ల దగ్గర కుదువలో ఉన్న తాలూకాల్ని ఒక్కొక్కటే విడిపించాడు. ఖజానాని ఒక్కచోటికి తెచ్చాడు. 1865లో జిల్లాలు ఏర్పాటు చేసి, జిల్లాకి ఒక అధికారి, తాలూకాకి ఒక అధికారి అని వరస పెట్టాడు. ఇప్పటికీ మనం పహణీ కోసం తాలూకా ఆఫీసుకే కదా వెళ్తున్నాం. ఈ పనుల్లో ఒక్కటి కూడా కథగా చెప్పుకోవడానికి బాగుండదు. ఆర్థిక సంస్కరణ అంటే ఎక్కువగా ఇలాంటి రుచిలేని పనులేనేమో.

మరి మన నేల ఎప్పుడు తిరిగొచ్చింది? 1860లో. ఏడేళ్ల తర్వాత. అప్పు తీరి వచ్చిందా? కాదు. 1857 తిరుగుబాటులో సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల వైపు గట్టిగా నిలబడ్డాడు. దానికి బహుమతిగా దోఆబు, ధారాశివ్ వెనక్కి ఇచ్చారు. దాదాపు 50 లక్షల బాకీ కొట్టేశారు. మనకి పక్కనే ఉన్న సురపురంలో రాజా వెంకటప్ప నాయకుడు 1858లో తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన సంస్థానాన్ని కూడా అదే మూటలో పెట్టి నిజాంకి ఇచ్చారు. పక్కింటివాడి ఇల్లు పోవడమూ మన నేల రావడమూ ఒకే కాగితం మీద జరిగాయి. నాకు ఇది సంతోషంగా చెప్పుకునే సంగతిలా అనిపించదు.

ఆ 1860 కాగితంలో ఇంకో సంగతి ఉంది. అప్పగించిన జిల్లాల జమాఖర్చుల లెక్క ఇకమీద అడగనని, గడిచినవి కూడా అడగనని నిజాం ఒప్పుకున్నాడు. మిగులు ఉంటే ఇస్తారు, లెక్క మాత్రం అడగకూడదు. బీరారు మళ్లీ తిరిగి రాలేదు. 1902లో ఏడాదికి 25 లక్షలకి శాశ్వత కౌలుగా రాయించుకున్నారు. బాకీ కంటే కూడా లెక్క అడిగే హక్కు పోవడమే పెద్ద నష్టమని నాకు అనిపించింది. నిజాం లాంటివాడికే ఆ హక్కు లేకపోతే, ఆ ఏడేళ్లూ ఈ దోఆబులో జొన్నలు పండించిన రైతు సంగతి చెప్పేదేముంది. కంటింజెంట్ కావాలని అతను అడగలేదు. పామర్ ముఖం చూడలేదు. శిస్తు మాత్రం కట్టాడు. పుచ్చుకునే చెయ్యి మారింది, అంతే.

ఇప్పుడు 1991కి వస్తాను. సార్ అడిగిన ప్రశ్న అదే కదా.

1991 జులై 24న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ దేశం జాతకమంతా విప్పి చెప్పారు. విదేశీ మారక నిల్వలు సుమారు 2,500 కోట్ల రూపాయలు, అవి పక్షం రోజుల దిగుమతులకే సరిపోతాయి. కేంద్రం పెట్టే ప్రతి 100 రూపాయల ఖర్చులో 20 రూపాయలు వడ్డీకే పోతున్నాయి. లోటు దేశ ఆదాయంలో 8 శాతం దాటింది. పదిహేనేళ్ల కిందట అది 4 శాతమే. అంటే 80లలో దేశం తన రాబడికి మించి ఖర్చుపెడుతూ, ఆ ఖర్చుకి అప్పు తెస్తూ పోయింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. పెట్రోలు ధర పెరిగింది, కువైట్ నుంచి మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు, వాళ్లు పంపే డబ్బు ఆగింది. ఢిల్లీలో ప్రభుత్వాలు నిలవలేదు. 1991 మార్చిలో పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేకపోయారు. మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది.

ఆ మే నెలలోనే స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం స్విట్జర్లాండు బ్యాంకుకి వెళ్లింది. తిరిగి కొనుక్కునే షరతుతో అమ్మకం. అది స్మగ్లర్ల దగ్గర ప్రభుత్వం పట్టుకున్న బంగారం. జులైలో రిజర్వు బ్యాంకు తన సొంత నిల్వలోంచి దాదాపు 47 టన్నులు విమానాల్లో పంపి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి 40 కోట్ల డాలర్ల చిల్లర తెచ్చింది. ముందుగా ఎవరికీ చెప్పలేదు. పత్రికలో వచ్చాకే జనానికి తెలిసింది. చెప్పి ఉంటే ఇంకా గగ్గోలు అయ్యేదని కొందరు అంటారు, నిజమే కావచ్చు. కానీ మా అమ్మకి చెప్పకుండా నాన్న గొలుసు తీసుకెళ్తే మా ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు.

అప్పటికి ప్రధాని పి.వి. నరసింహారావు. జూన్ 21న ప్రమాణం చేసేటప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా కాదు. నవంబరులో నంద్యాల నుంచి అయిదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు పోటీకి అభ్యర్థినే పెట్టలేదు. మన క్యాంపుల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఈ మాట చెప్పి మీసం తిప్పుతారు. నేను కాదనను. రూపాయి విలువని జులై 1న, 3న రెండు విడతలుగా తగ్గించడం, పరిశ్రమల లైసెన్సులు తీసెయ్యడం, అవన్నీ ధైర్యం కావాల్సిన పనులే. తాకట్టు బాకీ కూడా ఆ ఏడాది చివరికల్లా తీర్చేశారు. సాలార్‌జంగ్‌కి ఏడేళ్లలో చేతకానిది వీళ్లు నెలల్లో చేశారు. 2009లో మన రిజర్వు బ్యాంకే ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది.

అయితే ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. పార్లమెంటులో సొంత పార్టీవాళ్లు కూడా లేచారు. ఆగస్టులో దాన్ని 30 శాతానికి తగ్గించి, చిన్న రైతులకి మినహాయింపు అన్నారు. 1992 ఆగస్టులో డీఏపీ, పొటాష్‌ల మీద ధరల అదుపు తీసేశారు, యూరియాకి మాత్రం ఉంచారు. ఏడాది తిరిగేసరికి డీఏపీ బస్తా దాదాపు రెట్టింపయిందని తాతయ్య చెప్తాడు. దాంతో రైతులు డీఏపీ తగ్గించి యూరియా ఎక్కువ చల్లడం మొదలుపెట్టారు. మా పొలంలోనూ అదే చేశారు. ఆకు పచ్చగా కనిపిస్తే చాలు అనుకున్నారట.

ఇక్కడిదాకా రాసి, 1853లో రైతు ఎలా బలయ్యాడో 1991లో కూడా అలాగే అయ్యాడని ముగిద్దాం అనుకున్నాను. తాతయ్యకి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "తొంభైలో మాఫీ సంగతి రాయలేదేం?" అని అడిగాడు.

1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం 10,000 రూపాయల దాకా రైతుల బకాయిలు రద్దు చేసింది. కన్నడంలో సాలమన్నా అంటారు. ఎన్నికల ముందే ఇస్తామని చెప్పిన మాట అది. గడువు దాటి కట్టకుండా ఉన్న బాకీలకే అది వర్తిస్తుంది. డబ్బుండీ కట్టనివాళ్లకి వర్తించదని కూడా రాసి ఉంది. మా తాతయ్యకి అంతకుముందు పంట బాగానే వచ్చింది. ఎద్దుల కోసం, ఎరువుల కోసం తీసుకున్న బాకీ కట్టగలడు. "కట్టొద్దు, మాఫీ వస్తోంది అని క్యాంపంతా అనుకున్నారు. నేనూ కట్టలేదు. రాసుకునేవాళ్లు పంట పోయిందని రాసుకున్నారు. నేను కాదని చెప్పలేదు" అన్నాడు. ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ ఆయన ఈ మాట చెప్పలేదు. నాయనమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది.

మా పక్క పొలం ఒక కన్నడ కుటుంబానిది. ఆ ఇంటి పెద్దాయన 1989లో పాడిగేదెని అమ్మి బాకీ కట్టేశాడట. ఆయనకి ఏమీ మాఫీ కాలేదు. కట్టినవాడికి మాఫీ ఏముంటుంది? మా పొలంలో నాట్లకి వచ్చే అవ్వకైతే బ్యాంకు పుస్తకమే లేదు. కానీ 1991 ఆగస్టులో ధరలు ఏడాది కిందటి కంటే 16 శాతం పైగా పెరిగినప్పుడు, ఆ పెరుగుదల ఆమె కొనే నూనెకీ వచ్చింది, బెల్లానికీ వచ్చింది. డీఏపీ గురించి పార్లమెంటులో లేచినవాళ్లున్నారు. ఆమె కూలి గురించి ఎవరు లేచారో నాకు ఎక్కడా కనిపించలేదు.

దేశం అప్పు పెరగడానికి మాఫీ ఒక్కటే కారణం అని నేను అనటం లేదు. ఆయుధాలున్నాయి, వడ్డీలున్నాయి, నష్టాల్లో నడిచిన ప్రభుత్వ కంపెనీలున్నాయి, పన్ను ఎగ్గొట్టిన పెద్దలున్నారు. మా తాతయ్య బాకీ ఆ కొండలో ఒక గులకరాయి. పెద్దవాళ్లు కోట్లు ఎగ్గొడితే పట్టించుకోకుండా రైతునే నిలదీస్తారని మా నాన్నకి కోపం, అది న్యాయమైన కోపమే. కానీ 1853 రైతుకీ మా తాతయ్యకీ ఒక తేడా ఉంది. ఆ రైతుకి ఓటు లేదు. చందూలాల్‌ని అతను ఎన్నుకోలేదు, సంధి గురించి అతన్ని ఎవరూ అడగలేదు. మా తాతయ్యకి ఓటుంది. మాఫీ ఇస్తామన్నవాళ్లకే ఆ ఓటు వేశాడు. "ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు అని ఒక్కడం కూడా అడగలేదు" అని ఆయనే అన్నాడు. అబ్కారీ లెక్క ఏమైందని అడగడానికి నిజాంకి కూడా దారి లేని చోట, మనకి దారి ఉండి అడగలేదన్నమాట.

శ్రీలంకలో ఈ మధ్య ఏం జరిగిందో కూడా ఒక మాట చెప్తాను, అది మనలాగే వరి పండించే దేశం. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఉన్నట్టుండి ఆపేశారు, పంట పడిపోయింది. అంతకుముందే పన్నులు బాగా తగ్గించి ఖజానా ఖాళీ చేసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. జులైలో జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లారు, అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం వదిలి పోయాడు. 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు రాజపక్స సోదరులు, కేంద్ర బ్యాంకు మాజీ గవర్నరు లాంటి వాళ్లు ఈ సంక్షోభానికి బాధ్యులని, ప్రజల నమ్మకాన్ని వమ్ము చేశారని తీర్పు చెప్పింది. కేసు వేసినవాళ్లకి కోర్టు ఖర్చులు ఇప్పించింది. అంతకు మించి ఎవరి జేబులోంచీ ఏమీ రాలేదు. అయినా పేర్లు పెట్టి చెప్పింది కదా. చందూలాల్ పేరు, రంబోల్డ్ పేరు అలా ఏ కోర్టూ దోఆబు రైతుకి చెప్పలేదు.

వ్యాసం మొదట్లో నేను సార్ ప్రశ్నకి జవాబు దొరుకుతుందనుకున్నాను. 1991లో ఎవరినీ అడగలేదు అన్నది నిజమే. కానీ సంవత్సరం ముందు మాఫీ ఇచ్చినప్పుడు కూడా మనల్ని ఎవరూ ఏమీ అడగలేదు, అప్పుడు మనకి కోపం రాలేదు. సార్‌కి ఈ మాట చెప్తే ఆయన, "మీ తాతయ్య సంగతి పత్రికలో రాస్తావా? ఇంట్లో అడిగి రాయి" అన్నారు.

ఇంటికెళ్లి అడిగాను. తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాసేపు పక్క పొలం వైపు చూశాడు. వాళ్ల పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు కొడుకులు చేస్తున్నారు. "వాళ్ల పేరు రాయకు. నాది రాసుకో, ఫర్వాలేదు" అన్నాడు. తాతయ్యా, నీ పేరు కూడా వద్దులే అన్నాను. మాఫీ అయింది ఎంత అని అడిగితే లోపలికి వెళ్లి ఇనప్పెట్టెలోంచి ఒక పాత పాసుపుస్తకం తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని చూసి చెప్పాడు. ఏడు వేల రెండు వందల నలభై రూపాయలు.

పదో తరగతి విద్యార్థిని